పెరటి కోళ్ల దాణా ఖర్చు తగ్గించడం ఎలా: తూకం నుంచి తొట్టి దాకా సమగ్ర మార్గదర్శి

"ఉన్నవి ఆరు పెట్టలు. బస్తా మాత్రం ఇట్టే అయిపోతోంది. దాణా ఖర్చు ఎలా తగ్గించాలి?" అని అడిగేవాళ్లకు నేను ఎదురు వేసే ప్రశ్న ఒకటుంది. ఒక్కో కోడి రోజుకు ఎన్ని గ్రాములు తింటోంది? దీనికి వెంటనే జవాబు చెప్పినవాళ్లు చాలా తక్కువ. బస్తా ఎప్పుడు కొన్నారో గుర్తుంటుంది, ఎప్పుడు అయిపోయిందో గుర్తుంటుంది. ఆ మధ్యలో ఏం జరిగిందన్నది ఎవరూ చూడరు.

కోళ్ల పెంపకం ఖర్చులో సుమారు 60 నుంచి 70 శాతం దాణాకే పోతుంది. అందుకే మొదట అందరి చూపూ చవక దాణా మీద పడుతుంది. కానీ తొట్టి కింద రోజూ గుప్పెడు దాణా మట్టిపాలవుతుంటే, చవకది తెచ్చినా అదే మట్టిలో కలుస్తుంది. పైగా గుడ్లు కూడా తగ్గుతాయి.

పని వరస ఇలా పెట్టుకోండి: ముందు తూకం, తర్వాత తొట్టి, ఆపైన ఎలుకలు, నిల్వ, సరైన దాణా. అజొల్లా (నీటి మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క), పురుగుల పెంపకం, సొంత మిశ్రమం లాంటివన్నీ చివర్న. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. అజొల్లా తొట్టి కట్టడానికి వారం కష్టపడతారు, పక్కనే ఒలికిపోతున్న దాణా తొట్టిని అరచేతి మందం పైకెత్తడానికి మాత్రం తీరిక ఉండదు.

1. వారం రోజులు తూకం వేయండి

కావలసినవి:

- 5 కిలోల దాకా తూచే చిన్న కాటా
- మూత ఉన్న డబ్బా ఒకటి, దాణా కొలవడానికి మాత్రమే
- తొట్టి కింద పరిచేందుకు పాత టార్పాలిన్ లేదా రేకు
- గూటి తలుపుకు తగిలించే కాగితం, పెన్ను

చేయాల్సింది:

మొదటి రోజు పొద్దున తొట్టి పూర్తిగా ఖాళీ చేయండి. వారానికి సరిపడా దాణా తూచి డబ్బాలో పోయండి. ఆరు పెట్టలైతే 6 కిలోలు చాలు. కాటా చిన్నదైతే రెండు విడతలుగా తూచండి. ఈ వారమంతా ఆ డబ్బాలోంచే వేయాలి. ఇంట్లో ఇంకెవరైనా మేత వేస్తుంటే వాళ్లకూ ఈ సంగతి చెప్పండి, లేకపోతే లెక్కంతా తప్పుతుంది.

రోజూ సాయంత్రం టార్పాలిన్ మీద పడ్డ దాణాను ఊడ్చి, రెట్ట తీసేసి తూచండి. దాన్ని తిరిగి తొట్టిలో వేయకండి. ఆ రోజు వచ్చిన గుడ్లు కూడా రాయండి.

ఎనిమిదో రోజు పొద్దున డబ్బాలో, తొట్టిలో మిగిలినది తూచండి.

ఒక ఉదాహరణ చూద్దాం. 6 కిలోల్లో 600 గ్రాములు మిగిలాయి, అంటే పోయింది 5.4 కిలోలు. అందులో కింద పడ్డది 700 గ్రాములు. అంటే తిన్నది 4.7 కిలోలు. ఆరు పెట్టలు, ఏడు రోజులు, 42తో భాగిస్తే ఒక్కోటి రోజుకు సుమారు 112 గ్రాములు తిన్నట్టు. తిండి మామూలుగానే ఉంది. గొడవ అంతా ఆ 700 గ్రాములతోనే. వేసిన దాణాలో 13 శాతం అది.

ఇప్పుడు గుడ్ల లెక్క. వారంలో 28 గుడ్లు వచ్చాయనుకుంటే, గుడ్డుకు 193 గ్రాముల దాణా ఖర్చయింది. ఒలకబోత లేకపోతే అది 168 గ్రాములే. గుడ్డుకు ఎన్ని గ్రాములు అనే ఈ ఒక్క అంకెనే నెలనెలా చూసుకోండి. బస్తా ధర మారుతూ ఉంటుంది, దానితో పోలిస్తే ఏమీ తేలదు.

పోల్చుకోవడానికి మామూలు లెక్కలు:

- మధ్యస్థ బరువున్న గుడ్ల పెట్ట: రోజుకు 100 నుంచి 120 గ్రాములు
- పొట్టి జాతి కోడి: 50 నుంచి 70 గ్రాములు
- భారీ జాతి పెట్ట: 130 నుంచి 150 గ్రాములు

చలికాలంలో ఇంకాస్త ఎక్కువ తింటాయి, ఎండల్లో తక్కువ. మామూలు పెట్టలకు మీ లెక్క 140 దాటితే అవి అంత తింటున్నాయని నమ్మకండి. ఎక్కడో కారుతోంది. 90 లోపు వస్తే మాత్రం నీళ్లు, ఆరోగ్యం వెంటనే చూడండి.

2. తొట్టిని సరిచేయండి

నా అనుభవంలో ఎక్కువ ఆదా ఇక్కడే వచ్చింది, అదీ పైసా ఖర్చు లేకుండా. కోడి దాణాను ఎలా పారబోస్తుందో ఒక పావుగంట కూర్చుని చూడండి. ముక్కుతో అటూ ఇటూ గీకి నచ్చిన గింజ ఏరుకుంటుంది. అలా గీకినప్పుడు మిగతాది అంచు దాటి బయట పడుతుంది. కాళ్లు తొట్టిలోకి అందితే ఇక చెప్పక్కర్లేదు, తవ్వి పోస్తుంది. ఇది కొవ్వెక్కి చేసే పని కాదు, నేల గీరి తిండి వెతుక్కోవడం దాని స్వభావం. మనం మార్చగలిగేది తొట్టినే.

ఎత్తు: తొట్టి అంచు కోడి వీపుతో సమానంగా ఉండాలి. మామూలుగా నిలబడ్డ కోడి పక్కన పెట్టి చూసుకోండి. తల వంచి నేల మీద తినే ఎత్తులో ఉంటే గీకడం ఎక్కువ. వేలాడే తొట్టి అయితే గొలుసు కట్టండి, కొక్కెం మార్చి ఎత్తు సరిచేయవచ్చు. పెరిగే పిల్లలుంటే వారానికోసారి పైకి జరపాలి. గుంపులో పెద్దవీ చిన్నవీ ఉంటే, చిన్నవాటికి తొట్టి ముందు ఇటుక పరిచి మెట్టులా చేయండి.

నింపే మట్టం: పొడవు తొట్టిని మూడో వంతుకు మించి నింపకండి. నిండా పోస్తే రోజంతా మళ్లీ చూడక్కర్లేదు కదా అనిపిస్తుంది. ఆ బద్ధకం ఖరీదైనది. సగానికి పైగా నిండిన తొట్టిలోంచి దాణా ఎలా పొంగి పడుతుందో టార్పాలిన్ మీద మీకే కనబడుతుంది. గొట్టం తొట్టి అయితే కింది పళ్లెంలోకి దాణా జారే సందును చిన్నది చేయండి.

అంచు: లోపలికి మడిచిన అంచు ఉంటే గీకిన దాణా అందులోనే పడుతుంది. పాత తొట్టికి అలాంటి అంచు లేకపోతే, చీల్చిన ప్లాస్టిక్ గొట్టాన్ని అంచు మీద తొడిగినా పనిచేస్తుంది. గరుకు కొసలు మాత్రం మిగలనివ్వకండి. పొడవు తొట్టి పైన తిరిగే కడ్డీ ఒకటి అమర్చితే కోడి ఎక్కి కూర్చోలేదు, రెట్ట కూడా దాణాలో పడదు.

చోటు: పొడవు తొట్టి దగ్గర ఒక్కో పెట్టకు 10 సెంటీమీటర్లు ఉండాలి. గుండ్రటి తొట్టి అయితే అందులో సగం చాలు. చోటు తక్కువైతే బలమైన పెట్ట మిగతావాటిని పొడిచి తరుముతుంది, ఆ తోపులాటలో దాణా ఒలుకుతుంది. ఒక పెద్ద తొట్టి కంటే, ఒకదాని నుంచి ఇంకోటి కనబడకుండా పెట్టిన రెండు చిన్న తొట్లు మేలు.

అడుగున మిగిలే పొడి: పిండి దాణా వేసేవాళ్లందరికీ ఈ బెడద ఉంటుంది. కోళ్లు గింజ ముక్కలు ఏరుకుని మెత్తటి పొడి వదిలేస్తాయి. దాన్ని చెత్త అనుకుని పారేయకండి. విటమిన్లు, ఖనిజాలు, ఖరీదైన మాంసకృత్తుల పిండి అన్నీ ఆ పొడిలోనే ఉంటాయి. మధ్యాహ్నం పూట కొత్త దాణా వేయకుండా ఒక గంట ఆగితే చాలావరకు అదే తినేస్తాయి. ఇంకా మిగిలితే కొద్దిగా నీళ్లు చల్లి ముద్దలా చేసి వేయండి. తొట్టిని ఖాళీగా ఉంచే ఈ పద్ధతి పెద్ద పెట్టలకే. పిల్లలకు ఎప్పుడూ మేత అందుబాటులో ఉండాలి.

నీళ్లు: నీటి పాత్రను దాణా తొట్టికి ఆనించి పెట్టకండి. ముక్కుకు అంటిన పిండి నీళ్లలో పడి పులుస్తుంది, నీళ్లు చిమ్మి దాణా తడుస్తుంది. రెండు మీటర్ల దూరం ఉంటే చాలు. పెట్ట తిన్న దాణా బరువుకు దాదాపు రెట్టింపు నీళ్లు తాగుతుంది, అంటే రోజుకు 200 నుంచి 250 మిల్లీలీటర్లు. మండే ఎండల్లో అది రెట్టింపు కూడా అవుతుంది. నీళ్లు అందకపోతే తిండి మానేస్తుంది, ఆ వెంటే గుడ్లు ఆగిపోతాయి.

వాన పడే చోట తొట్టి వేలాడదీసి, ఒక్క రాత్రి జల్లుకు రెండు రోజుల దాణా ముద్దయిపోతే పారబోసుకున్న ఘనత నాది. తొట్టికి పైకప్పు తప్పనిసరి. గాలివాటుకు జల్లు ఎటు కొడుతుందో కూడా చూసి వేలాడదీయండి.

3. ఎలుకల్నీ పిట్టల్నీ ఆపండి

ఒక పెద్ద ఎలుక రోజుకు 20 నుంచి 30 గ్రాములు తింటుంది. నాలుగైదు ఎలుకలు చేరాయంటే మీరు లెక్కలో లేని ఒక పెట్టను మేపుతున్నట్టే. అది గుడ్డు పెట్టదు సరికదా, మూత్రంతో, పెంటికలతో దాణాను పాడుచేసి రోగాలు తెస్తుంది.

ఎలుకలున్నాయో లేదో తేల్చుకోవడం తేలిక. చీకటి పడి కోళ్లు గూట్లో సర్దుకున్నాక తొట్టిని దాణాతో సహా తూచండి. తెల్లవారి కోళ్లు దిగకముందే మళ్లీ తూచండి. కోళ్లు చీకట్లో తినవు. బరువు తగ్గిందంటే తిన్నది వేరెవరో. మూడు రాత్రులు ఇలా చూస్తే అనుమానం తీరిపోతుంది.

ఆపే మార్గాలు:

- రాత్రిపూట తొట్టి తీసి మూత బిగిసే డబ్బాలో పెట్టండి. రోజూ రెండు నిమిషాల పని, అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే.
- గూటికి పెద్ద కన్నాల వల ఉంటే, కింది భాగంలో 12 మిల్లీమీటర్ల కన్నాల గట్టి ఇనుప వల వేయండి. చిట్టెలుకలు కూడా ఉంటే 6 మిల్లీమీటర్లది కావాలి.
- నేల మీద పడ్డ దాణా సాయంత్రానికల్లా ఊడ్చేయండి.
- గూటి చుట్టూ కట్టెల పోగులు, పాత సామాను ఉంచకండి.

విషం పెట్టకండి. విషం తిన్న ఎలుకను కోడి పొడిచి తిన్నా ప్రమాదమే. బోను వాడండి, అది కూడా కోళ్లు అందుకోలేని చోట.

కాలితో తొక్కితే మూత తెరుచుకునే తొట్టి పిట్టల బెడదకు మంచి పరిష్కారం. కోళ్లకు అలవాటు కావడానికి వారం, రెండు వారాలు పట్టొచ్చు. పొట్టి జాతుల బరువుకు కొన్నిటి మూత తెరుచుకోదు, చిన్న పిల్లలు మూత కింద నలిగే ప్రమాదమూ ఉంది. అవి చూసుకుని కొనండి. అడవి పిట్టలు తొట్టి దగ్గర చేరకపోవడం వల్ల దాణా మిగలడమే కాదు, బర్డ్ ఫ్లూ లాంటివి సోకే అవకాశమూ తగ్గుతుంది.

4. నిల్వ

పెద్ద బస్తా కిలో లెక్కన చవక పడుతుంది, నిజమే. కొనేముందు ఒక చిన్న భాగహారం చేయండి. ఆరు పెట్టలు రోజుకు 115 గ్రాముల చొప్పున 690 గ్రాములు తింటాయి. 25 కిలోల బస్తా 36 రోజులు వస్తుంది. 50 కిలోలది 72 రోజులు. దాణాను తయారైన తేదీ నుంచి నాలుగు నుంచి ఆరు వారాల్లో వాడేయడం మంచిది, ఆ తర్వాత విటమిన్లు తగ్గుతూ పోతాయి. వేడి, తేమ ఎక్కువైతే ఇంకా తొందరగా. కాబట్టి ఆరు పెట్టలకు 50 కిలోల బస్తా బేరం కాదు. పొరుగువాళ్లతో పంచుకుంటే అది వేరే సంగతి.

నిల్వ చెక్‌లిస్ట్:

- బస్తా మీద తయారీ తేదీ చూసి కొన్నారా?
- మూత బిగుతుగా ఉండే లోహపు డ్రమ్ము ఉందా? ప్లాస్టిక్‌ను ఎలుకలు కొరికేస్తాయి.
- డ్రమ్ము నేలకు 10 సెంటీమీటర్ల పైన, గోడకు ఆనకుండా, ఎండ పడకుండా ఉందా?
- పాత దాణా అయిపోయాకే కొత్తది పోస్తున్నారా? అడుగున మిగిలినదాని మీదే పోస్తూ పోతే అడుగుది ఎప్పటికీ బయటికి రాదు.
- తడి చేయి, తడి గరిటె డ్రమ్ములో పెట్టడం లేదు కదా?

బూజు పట్టిన దాణా విషయంలో పొదుపు చూడకండి. పైపైన గడ్డలు తీసేసి వేయడం, ఎండబెట్టి వేయడం, ఉడికించి వేయడం, ఏదీ పనికిరాదు. బూజు వదిలే అఫ్లాటాక్సిన్ లాంటి విషాలు ఉడికించినా పోవు. అవి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మొత్తం పారేయండి, కోళ్లకు అందని చోట. నాలుగు పురుగులు కనబడితే మాత్రం భయపడక్కర్లేదు, కోళ్లు వాటినీ తినేస్తాయి. దాణా వేడెక్కి గడ్డ కట్టేంతగా పురుగు పడితే అది పోయినట్టే.

5. వయసుకు తగిన దాణా వేయండి

- పిల్లలు, 8 వారాల దాకా: మాంసకృత్తులు సుమారు 20 శాతం
- 8 నుంచి 18 వారాలు: 15 నుంచి 16 శాతం
- గుడ్లు పెట్టే పెట్టలు: 16 నుంచి 18 శాతం, కాల్షియం 3.5 నుంచి 4 శాతం

గుడ్ల పెట్టల దాణాను పిల్లలకు వేయకండి. అందులోని కాల్షియం వాటి కిడ్నీలను పాడుచేస్తుంది. అన్ని వయసులూ కలిసి తిరుగుతుంటే అందరికీ పెరిగే కోళ్ల దాణా వేసి, పెట్టల కోసం ఆల్చిప్పల గుల్ల ముక్కలు వేరే గిన్నెలో పెట్టండి. అవసరమైన పెట్టలు వెళ్లి తింటాయి.

ఇక ఎక్కువమంది పడే గొయ్యి: ఖరీదైన దాణాలో సగానికి సగం మొక్కజొన్న నూక కలపడం. లెక్క వేసి చూడండి. దాణాలో మాంసకృత్తులు 17 శాతం, మొక్కజొన్నలో 8.5. చెరిసగం కలిపితే 12.75. కాల్షియం 3.8 నుంచి 1.9కి పడిపోతుంది. మొదటి వారం ఏమీ తెలియదు, కోడి తన ఒంట్లోని నిల్వలు ఖర్చు పెడుతుంది. ఆ తర్వాత తోలు గుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు), చిన్న గుడ్లు, చివరికి గుడ్లే లేకపోవడం. కొవ్వు మాత్రం పేరుకుంటుంది. గింజలు వేయాలనిపిస్తే రోజు తిండిలో పదో వంతు దాటకండి, అంటే పెట్టకు 10 నుంచి 12 గ్రాములు. అదీ మధ్యాహ్నం దాటాక, కడుపు నిండా దాణా తిన్న తర్వాత.

పిండి దాణాకు బదులు గుళికలు వాడితే ఏరుకోవడం, ఒలకబోయడం తగ్గుతాయి. కిలోకు కాస్త ఎక్కువైనా గుడ్డుకు గ్రాముల లెక్కలో గుళికలే గెలవచ్చు. మీ కోళ్ల మీద వారం వారం తూచి తేల్చుకోండి. ఏ దాణా మార్చినా వారం, పది రోజుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి.

6. దాణా తడపడం, పులియబెట్టడం

తడిపి వేయడం వల్ల దుమ్ము ఎగరదు, పొడి మిగలదు. అంతవరకు లాభం ఖాయం. పులియబెడితే దాణా ఖర్చు సగం అవుతుందనే మాటలు మాత్రం నమ్మకండి.

క్రమం ఇది:

- ఆహారానికి వాడే ప్లాస్టిక్ లేదా పింగాణీ పాత్ర తీసుకోండి. లోహం వద్దు.
- ఒక రోజుకు వేసే దాణాను పొడిగా ఉన్నప్పుడే తూచండి. తడిశాక తూచితే మోసపోతారు.
- దాణా మునిగి, పైన రెండు వేళ్ల మందం నిలిచేలా నీళ్లు పోయండి. దాణా ఉబ్బి నీళ్లు పీల్చుకుంటే మళ్లీ పోయండి.
- మూత వదులుగా పెట్టి రోజుకు రెండుసార్లు కలపండి.
- రెండు, మూడు రోజుల్లో పుల్లటి వాసన వస్తుంది. ఎండాకాలం ఒక రోజే చాలవచ్చు.
- నీళ్లు వార్చి, గంటలోపు తినేంత మాత్రమే వేయండి. వార్చిన నీటిని తర్వాతి విడతకు వాడుకోండి.

కుళ్లు కంపు వచ్చినా, పచ్చగా నల్లగా బూజు నూగు కనబడినా పారేయాలి. తొట్టిని రోజూ కడగలేని వాళ్లు ఈ పద్ధతి జోలికి పోకపోవడమే మంచిది. ఎండిన తొట్టిలో పులిసిన ముద్ద అంటుకుని ఉంటే ఆదా అంతా రోగానికి పోతుంది.

7. ఉచితంగా దొరికే మేత ఎంత పనికొస్తుంది?

వంటింటి మిగులు, ఆకుకూరల కాడలు, పెరట్లోని కలుపు మొక్కలు అన్నీ మంచివే. కానీ అవి దాణాకు తోడు మాత్రమే. మొత్తం తిండిలో పదో వంతు దగ్గర ఆపండి. మధ్యాహ్నం తర్వాత, పళ్లెంలో వేసి, అరగంటలో మిగిలినది తీసేయండి. కొన్ని దేశాల్లో వంటింటి మిగులు కోళ్లకు వేయడం చట్టవిరుద్ధం కూడా, మీ దగ్గరి నియమం చూసుకోండి.

వేయకూడనివి:

- బూజు పట్టినది, కుళ్లినది
- ఉప్పు, నూనె ఎక్కువున్న వంటకాలు
- ఉడకని ఎండు చిక్కుళ్లు, రాజ్మా
- పచ్చబడ్డ బంగాళదుంప, దాని తొక్క, మొలకలు
- అవకాడో తొక్క, గింజ
- చాక్లెట్, కాఫీ పొడి
- ఎక్కువ మోతాదులో ఉల్లి

అజొల్లా గురించి చాలా ఆశలు పెట్టుకుంటారు. పొడి లెక్కన దానిలో మాంసకృత్తులు 20 నుంచి 25 శాతం ఉంటాయి, అది నిజం. అసలు కిటుకు ఆ "పొడి లెక్కన" అనే మాటలో ఉంది. కిలో పచ్చి అజొల్లాలో నీళ్లు పోగా మిగిలేది 50 నుంచి 70 గ్రాములే. పెట్టకు రోజుకు 100 గ్రాములు వేస్తే నిజంగా అందేది 5 నుంచి 7 గ్రాముల తిండి. సొన రంగు బాగుంటుంది, పెట్టలు ఇష్టంగా తింటాయి. దాన్ని చూసుకుని దాణా సగం చేయకండి.

మొలకలదీ ఇదే కథ. కిలో గింజ నానబెట్టి మొలకెత్తిస్తే గంప నిండుతుంది, కానీ పెరిగింది నీటి బరువు. మొలకెత్తడానికి గింజ తన శక్తినే కొంత వాడుకుంటుంది కాబట్టి పొడి బరువు కొద్దిగా తగ్గుతుంది కూడా. పచ్చి మేత దొరకని రోజుల్లో మొలకలు మంచివే, ఖర్చు తగ్గించే మంత్రం మాత్రం కాదు.

బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్ల పురుగుల సంగతి వేరు. ఎండబెట్టాక వాటిలో సుమారు 40 శాతం మాంసకృత్తులుంటాయి, కొవ్వు కూడా ఎక్కువే. ఈకలు రాల్చే కాలంలో ఇవి బాగా పనికొస్తాయి. ఏం తినిపించి పెంచుతున్నారో చూసుకోండి, కుళ్లిన మాంసం మీద పెంచినవి వద్దు.

గడ్డి, గింజలు తినే కోళ్లకు చిన్న గరుకు రాళ్లు అందాలి. పళ్లు లేని కోడికి విసుర్రాయి పని చేసేవి కడుపులోని ఆ రాళ్లే. గుడ్డు గుల్ల కోసం ఇచ్చే ఆల్చిప్పల ముక్కలు కరిగిపోతాయి, అవి రాళ్లకు బదులు కావు. రెండూ వేరువేరు గిన్నెల్లో ఉంచండి. వాడేసిన గుడ్డు పెంకుల్ని కడిగి, వేడి చేసి, గుర్తుపట్టలేనంతగా నలగ్గొట్టి తిరిగి వేయవచ్చు. పెద్ద ముక్కలుగా వేస్తే గుడ్లు పొడుచుకు తినడం నేర్చుకునే ప్రమాదం ఉంది.

8. సొంతంగా కలుపుకోవాలంటే

ఇరవై లోపు కోళ్లున్నవాళ్లకు ఇది సాధారణంగా గిట్టుబాటు కాదని నా అభిప్రాయం. ముడిసరుకు చిన్న మోతాదులో దొరకదు, దొరికినా నిల్వ ఉంటే పాడవుతుంది. అయినా చేస్తామంటే గుడ్ల పెట్టలకు 100 కిలోల మిశ్రమం ఇలా ఉంటుంది:

- మొక్కజొన్న నూక: 58 కిలోలు
- సోయా చెక్క (సోయా నూనె తీశాక మిగిలేది): 24 కిలోలు
- తవుడు: 6.9 కిలోలు
- సున్నపురాయి నలుగు లేదా గుల్ల పొడి: 9 కిలోలు
- డైకాల్షియం ఫాస్ఫేట్ (కాల్షియం, ఫాస్ఫరస్ ఇచ్చే పొడి): 1.5 కిలోలు
- ఉప్పు: 300 గ్రాములు
- విటమిన్లు, ఖనిజాల ప్రీమిక్స్ (ముందే కలిపి అమ్మే పొడి): 200 గ్రాములు
- మిథియోనిన్ (మాంసకృత్తుల్లో ఉండే ఒక అమైనో ఆమ్లం): 100 గ్రాములు

దీంతో మాంసకృత్తులు 16 నుంచి 17 శాతం, కాల్షియం 3.7 శాతం దగ్గర వస్తాయి. ప్రీమిక్స్ మోతాదు ప్యాకెట్ మీద వేరుగా రాసి ఉంటే అదే పాటించండి.

కలిపే పద్ధతిలోనే చాలామంది దెబ్బతింటారు. ప్రీమిక్స్, మిథియోనిన్, ఉప్పును ముందు రెండు కిలోల మొక్కజొన్న పిండిలో బాగా కలపండి. దాన్ని పది కిలోల్లో, ఆ పది కిలోల్ని మొత్తంలో కలపండి. నేరుగా కుప్ప మీద చల్లి పారతో రెండు తిప్పులు తిప్పితే, ఒక కోడికి ఉప్పు ఎక్కువ, ఇంకో కోడికి విటమిన్లు సున్నా. పచ్చి సోయా గింజలు వాడకండి. వేడి చేయని సోయాలో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థం ఉంటుంది. తవుడు తాజాగా ఉండాలి, దానిలోని నూనె తొందరగా కనరు వాసన వేస్తుంది. రెండు, మూడు వారాలకు మించి కలిపి పెట్టుకోకండి.

9. తినేవెన్ని, పెట్టేవెన్ని?

రోజుకు 110 గ్రాములు తినే పెట్ట వారానికి ఐదు గుడ్లు పెడితే గుడ్డుకు 154 గ్రాముల దాణా. అదే మూడు గుడ్లైతే 257 గ్రాములు. అందుకే ఏ పెట్ట పెడుతోందో తెలియాలి.

రాత్రి గూట్లో నెమ్మదిగా పట్టుకుని చూడండి. తోక కింద ఉండే రెండు కటి ఎముకల మధ్య రెండు, మూడు వేళ్లు పట్టే చోటుండి, మలద్వారం వెడల్పుగా తడిగా ఉంటే అది గుడ్లు పెడుతున్న పెట్ట. వేలు దూరనంత సందుండి, తల మీది ఎర్ర జుట్టు పాలిపోయి ఉంటే పెట్టడం లేదు.

పెట్టడం లేదని తేలగానే తీసేయాలని తొందరపడకండి. ఈకలు రాలుస్తున్న పెట్ట రెండు, మూడు నెలలు గుడ్లు ఆపేస్తుంది. ఈక దాదాపు మొత్తం మాంసకృత్తులే కాబట్టి ఆ రోజుల్లో దాణా నాణ్యత తగ్గించకూడదు, గింజలు ఆపేయాలి. పొదుగుడు పట్టిన పెట్ట కూడా వారాల తరబడి పెట్టదు. పేలు, రక్తం పీల్చే చిన్న పురుగులు (మైట్లు), కడుపులో నట్టలు ఉన్నా తిన్నది ఒంటబట్టదు. టార్చి వేసి దూలాల సందులు చూడండి, రెట్ట పరీక్ష చేయించి అవసరమైతేనే పశువైద్యుల సలహాతో నట్టల మందు వేయండి.

గుడ్ల కోసమే పెంచేటట్లయితే పుంజు అక్కర్లేదు. పిల్లలు కావాలంటే ఎనిమిది, పది పెట్టలకు ఒక్కటి చాలు. ముసలి పెట్టను ప్రేమతో ఉంచుకుంటే తప్పేమీ లేదు. దాని దాణాను గుడ్ల లెక్కలో కలపకుండా విడిగా రాసుకోండి.

10. లక్షణం చూసి కారణం పట్టండి

- దాణా ఎక్కువ అవుతోంది, గుడ్లు అలాగే ఉన్నాయి: తొట్టి ఎత్తు, ఎలుకలు, పిట్టలు.
- ఎక్కువ తింటున్నాయి, ఒళ్లు మాత్రం చిక్కుతోంది: నట్టలు, పేలు. ఛాతీ ఎముక చేతికి కత్తిలా తగిలితే ఇదే అనుమానించండి.
- తిండి హఠాత్తుగా తగ్గింది: నీళ్లు, ఎండ వేడి, కొత్త బస్తా వాసన, జబ్బు, ఈ వరసలో చూడండి.
- తోలు గుడ్లు: గింజలు ఎక్కువయ్యాయా? గుల్ల గిన్నె ఖాళీగా ఉందా?
- ఈకలు పీక్కుంటున్నాయి: మాంసకృత్తులు చాలడం లేదు, లేదా చోటు ఇరుకు, లేదా పేలు.
- ఒక్క కోడే చిక్కింది: సాయంత్రం గూటికి చేరాక మెడ కింది మేత సంచి తడిమి చూడండి. ఖాళీగా ఉంటే మిగతావి తిననివ్వడం లేదు. పొద్దున్నే గట్టిగా నిండి ఉంటే మేత అడ్డుపడింది, డాక్టరుకు చూపించండి.

11. మొదటి నెల పని పట్టిక

మొదటి వారం:

- ఏమీ మార్చకుండా తూకం మాత్రం
- మూడు రాత్రులు తొట్టి బరువు పరీక్ష

రెండో వారం:

- తొట్టి ఎత్తు, మూడో వంతు మట్టం, పైకప్పు
- రాత్రి తొట్టి తీసి దాచడం

మూడో వారం:

- డ్రమ్ము సర్దడం, పాత దాణా తేదీలు చూడడం
- గింజలు, వంటింటి మిగులు పదో వంతుకు తేవడం
- గుల్ల, రాళ్ల గిన్నెలు విడిగా పెట్టడం

నాలుగో వారం:

- మళ్లీ ఏడు రోజుల తూకం
- గుడ్డుకు ఎన్ని గ్రాములో పాత కాగితం పక్కన రాయడం

ఆ నెలలో ఈకలు రాల్చే పెట్టలుంటే, పగటి వెలుతురు బాగా తగ్గి ఉంటే ఆ సంగతి కూడా కాగితం మీద రాయండి. గుడ్లు తగ్గడానికి అవే కారణమైనప్పుడు తప్పు దాణా మీదికి నెట్టి మళ్లీ బస్తా మార్చేస్తారు. రెండో నెల నుంచి గుళికలు, పులియబెట్టడం, అజొల్లా లాంటి వాటిలో నెలకు ఒక్కటే ప్రయత్నించండి. రెండు కలిపి మొదలుపెడితే ఏది పనిచేసిందో కాటా కూడా చెప్పలేదు.